మా మరదలికి రెండు కుర్చీలు

ఆ ఏడు మా మసాకాలో మిడతల కాలం ముందే వచ్చింది. అక్టోబరు చివరికే జనం మేడల మీద రేకులు నిలబెట్టి, దీపాలు వెలిగించి, వేపుకు తినడానికని పీపాలకు పీపాలు పట్టారు. నేను ఒక పెద్ద బేసిను నిండా పచ్చి మిడతలు పోసుకుని, పైన తడిగుడ్డ కట్టి, కంపాలాలో మా తమ్ముడు కియింబా ఇంటికి బయలుదేరాను. డిసెంబరు రెండో శనివారం వాడి కూతురు నస్సూనా పరిచయం. పరిచయమంటే పేరుకే పరిచయం, నిజానికి ముప్పాతిక పెళ్ళి. మగపిల్లాడి తరఫువాళ్ళు బుట్టలతో, మేకలతో వచ్చి కూర్చుంటే, ఆడపిల్ల మేనత్త ఆ గుంపులోంచి పిల్లాణ్ణి వెతికి పట్టుకుని "వీడే" అని చూపించాలి. మేనత్త చూపించేదాకా వాడు అల్లుడు కాదు. ఆ మేనత్తను నేను. ఐదు వారాలు ముందుగా వెళ్ళి పిల్లకి బుద్ధులు చెప్పడం కూడా నా పనే.

గేటు తీసింది మా మరదలు ప్రోస్కోవియా. ఏప్రిల్లో ఈస్టరుకి చూసినప్పుడు గుమ్మం నిండా ఉన్న మనిషి. ఇప్పుడు గుమ్మానికీ ఆమెకీ మధ్య రెండు పక్కలా వెలుతురు కనిపించింది.

"ఏంటి ప్రోస్సీ, నీలో సగం ఎక్కడ పెట్టి మర్చిపోయావు?" అన్నాను.

"తగ్గాను వదినా. బావుందంటున్నారు అందరూ."

మోకాళ్ళ మీద కూర్చుని నన్ను పద్ధతిగా పలకరించింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంది. నేను చూశాను, చూసి కూడా బేసిను సంగతే మాట్లాడాను.

మధ్యాహ్నం వెనకవైపు చాప వేసుకుని నస్సూనాతో కలిపి ముగ్గురం మిడతల రెక్కలు, కాళ్ళు తుంచడానికి కూర్చున్నాం. మా అమ్మ కాలంలో ఆడవాళ్ళు మిడతలు ఏరాలి, తుంచాలి, వేపాలి, నోట్లో మాత్రం వేసుకోకూడదు. మగాడు తిని, మూతి తుడుచుకుని, పెళ్ళానికి కట్టుకోవడానికో కొత్త గొమేసి కొనిపెట్టేవాడు. కోడిమాంసం, గుడ్డు, అన్నిటికీ అదే రూలు. మా తరం ఆడవాళ్ళం అత్తలతో పోట్లాడి, మొగుళ్ళ కంచాల్లో చెయ్యిపెట్టి తినే హక్కు తెచ్చుకున్నాం. మా మరదలు ఆ మిడతల్ని ఉప్పూ ఉల్లిపాయా వేసి, ఎర్రగా, కరకరలాడేలా వేపింది. వీధి చివరిదాకా వాసన వెళ్ళింది. అందరికీ పెట్టింది. తను ఒక్కటి ముట్టలేదు.

"నీకేమైంది?" అన్నాను.

"పన్ను నొప్పి."

మర్నాడు అడిగితే ఉపవాసమంది. ఆ మర్నాడు ఇప్పుడే తిన్నానంది. అబద్ధం ఆడటం కూడా చేతకాని మనిషి. యాభయ్యో ఏట, అల్లుణ్ణి తెచ్చుకునే వయసులో, పదహారేళ్ళ పిల్లలాగా నడుం చూసుకుంటోందని నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఆమె వినేలాగే నస్సూనాతో అన్నాను.

నస్సూనా తలెత్తకుండా మిడత రెక్కలు తుంచుతూ, "ఊరుకో అత్తా" అంది.

ఆ ఇంట్లో మగవాళ్ళు బల్ల దగ్గర తింటారు. మేం ఆడవాళ్ళం చాప మీద తింటాం. ప్రోస్సీ అందరికీ వడ్డించి, చివర్న తన కంచంలో ఉడికిన అరటికాయ ముద్ద గుట్టగా పెట్టుకుని, దాని మీద వేరుశనగ పులుసు పోసుకునేది. చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కాసేపు వేళ్ళతో పిసికేది. పిసికి, పిసికి, "వదినా, నువ్వు పెద్దదానివి, ఇది నువ్వు తిను" అని నా కంచంలోకి తోసేది. నేను తినేదాన్ని. వడ్డించిన తిండి పారేస్తే పాపమని మా అమ్మ చెప్పింది. నేను తల్లి మాట జవదాటని కూతుర్ని.

రెండో వారంలో హిల్డా అనే ఆవిడ వచ్చింది. మెడలో దర్జీవాళ్ళ టేపు, చేతిసంచిలో టీ పొట్లాలు. పొట్లం మీద బొడ్డు కనిపించేలా నిలబడ్డ ఇరవయ్యేళ్ళ పిల్ల బొమ్మ. ఆ పిల్లకి ఆ నడుం టీ తాగితే వచ్చిందంట. ఇరవయ్యేళ్ళప్పుడు మాకూ ఉండేది, మంచినీళ్ళు తాగితేనే. ఆ టీ ఏమిటో నేను వాసన చూశాను. విరేచనాల మందుకి అల్లం పూత. పూటకో కప్పు తాగి మా మరదలు వెనక గదికి పరిగెత్తేది. దానికి ఒంట్లోని చెడు పోవడమని పేరు పెట్టుకుంది.

హిల్డా ప్రోస్సీ నడుం కొలిచి నాలుక చప్పరించింది. "ఇంకో మూడంగుళాలమ్మా. పరిచయం రోజున పెళ్ళికూతురెవరో తల్లెవరో తెలియకూడదు."

"తెలియకపోతే అల్లుడు తల్లిని ఎత్తుకుపోతాడు, చూసుకోండి" అన్నాను.

హిల్డా నా వైపు తిరిగింది. "మీరూ ఒక నెల వాడి చూడండి అక్కా. ఈ పొట్ట పోతుంది."

"పోయి ఎక్కడికెళ్తుంది?"

"అదేంటక్కా."

"నా పొట్ట నాకేం అడ్డం రాలేదమ్మా. నీకొచ్చిందా?"

ఆవిడ మళ్ళీ నేనున్నప్పుడు రాలేదు. ప్రోస్సీయే వీధి చివరికెళ్ళి పొట్లాలు తెచ్చుకునేది. చిన్నప్పటి బడి స్నేహితురాళ్ళంతా ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి తీసుకున్న ఫోటో పెట్టడం, మిగతా ముప్పైమంది ఆహా ఓహో అనడం. అందులో సగం మంది అమ్మమ్మలు.

ఇక మా తమ్ముడు. వాడి పొట్ట వాడికంటే అరనిమిషం ముందు గేటు దాటుతుంది. దానికి ఎవరూ టీ అమ్మరు. "నా పెళ్ళాం పట్టుదల చూశావా అక్కా? ఆఫీసులో అందరూ అడుగుతున్నారు, కొత్త పెళ్ళాన్ని తెచ్చుకున్నావా అని" అని భోజనాల బల్ల దగ్గర గర్వపడ్డాడు. అప్పుడు వాడి నోట్లో కోడి తొడ ఉంది. ఆమె చాప మీద కూర్చుని తన కంచంలోది నా కంచంలోకి తోస్తోంది.

నవంబరు మూడో ఆదివారం ఆ సంగతి జరిగింది. చర్చి అయిపోయి జనం మెట్లు దిగుతున్నారు. పట్టపగలు, ఎండ చురచురలాడుతోంది. ప్రోస్సీ నాలుగో మెట్టు మీద ఆగింది. ఎవరో పిలిచినట్టు పక్కకి చూసింది. ఇంతలో మోకాళ్ళు మడతపడిపోయాయి. కాబోయే అల్లుడు లుటాయా పద్ధతి తెలిసినవాడే, ఆమెకి దూరంగా, జనం వెనకాలే ఉన్నాడు. కానీ మెట్ల మీంచి మనిషి దొర్లిపోతుంటే పద్ధతి ఎవరికి గుర్తుంటుంది? నలుగుర్ని తోసుకుంటూ వచ్చి, తల రాతికి తగలకముందే పట్టుకున్నాడు. పట్టుకుని, రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఊరంతా చూస్తుండగా కారు దాకా మోసుకెళ్ళాడు.

నేను హిల్డాతో అన్న వెటకారం నా కళ్ళముందే నడిచి వెళ్ళింది. అప్పుడు నవ్వు రాలేదు.

మాలో అల్లుడు అత్తగారికి చెయ్యి అందించడు. ఆమె లేచిన కుర్చీలో కూర్చోడు. దారిలో ఎదురైతే గట్టు దిగి తప్పుకుంటాడు. తాకితే ఒబుకో వస్తుంది. ఇద్దరిలో ఒకరికి చేతులు వణకడం మొదలవుతుంది, కాటికి పోయేదాకా ఆగదు. చర్చి మెట్ల మీద ముసలమ్మలు ఆ మాట అప్పుడే గొణిగారు. సోమవారం పొద్దున ప్రోస్సీ కియింబాకి టీ ఇస్తుంటే కప్పు సాసర్లో టకటకలాడి, టీ కాస్తా వాడి చొక్కా మీద పోసింది. మంగళవారం అరటికాయ చెక్కు తీస్తూ వేలు కోసుకుంది. ఆ చేతులు రెండూ ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి.

మా చిన్నాన్న కలుంగికి ఫోన్ చేసి చెప్పింది నేనే. సిగ్గుపడాల్సిన విషయం, చెప్పేస్తే నాకు తేలిక. మా వంశానికి ఆయన పెద్ద. ఎనభై దాటాయి, ముందుపళ్ళు రెండు లేవు, తీర్పులు చెప్పడమంటే మహా సరదా. "అల్లుడు అత్తను తాకాడా? ఒక్కసారేనా, అంతకుముందు కూడా తాకాడా? అది తేలాలి. వణుకు తగ్గేదాకా పరిచయం ఆపండి" అన్నాడు. అప్పుడే శనివారం పంచాయితీ పెట్టేశాడు.

మాట దాగుతుందా? బుధవారానికల్లా లుటాయా వాళ్ళింటి నుంచి కబురొచ్చింది. "పడిపోతున్న మనిషిని పట్టుకున్నందుకు మా పిల్లాడు రోగం అంటించాడంటారా? అంతకుముందు కూడా తాకాడా అని అడుగుతారా? శనివారం మా పెద్దాయన వస్తాడు. ఆ మాట మా ఎదురుగా అన్నారంటే వేరే పిల్లాణ్ణి చూసుకోండి."

నస్సూనా ఏడవలేదు. నా గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తా, అమ్మ చేతులు చర్చిలో పడకముందే వణికేవి. నెలకిందట సూదిలో దారం ఎక్కించలేక నన్ను పిలిచింది. అప్పుడు అతను అమ్మ మొహం కూడా చూడలేదు."

"మరి మీ అమ్మ ఆ ముక్క చెప్పదేం?"

"అదే నేను అడిగాను. గోడ వంక చూస్తోంది. నువ్వు అడుగు అత్తా. నువ్వడిగితే చెప్తుంది, నువ్వంటే భయం కదా."

నేనంటే భయం. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ పిల్ల దాన్ని మెచ్చుకోలుగా అన్లేదు, అయినా నేను అప్పుడు మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

శనివారం పెద్దల ముందుకి వెళ్ళాలంటే గొమేసి కట్టుకోవాలి. కట్టడానికి నేను వెళ్ళాను. గొమేసి కింద నడుం చుట్టూ కికోయి గుడ్డ ఒకటి చుట్టుకుంటాం, పైబట్ట ఒంటికి అంటుకోకుండా, తుంటి నిండుగా కనపడేలా. ప్రోస్సీ అప్పటికే చుట్టుకుని నిలబడింది. ముడి వదులుగా ఉందని నేను లాగాను. ఊడి కిందపడింది. దాని కింద ఇంకోటి ఉంది. అదీ లాగాను. దాని కింద మరోటి.

"వద్దు వదినా" అంది.

మూడోది కూడా తీశాను. ఈ చేతులకి ఆ ఎముకలు తెలుసు. తుంటి ఎముక మీద చర్మం జారిపోవడం తెలుసు. నా చెల్లెలు గెట్రూడాకి ఆఖరి రెండు నెలలూ స్నానం చేయించింది నేనే, ముప్పై రెండేళ్ళ కింద. ఆ ఎయిడ్స్ జబ్బుని అప్పట్లో స్లిమ్ అనేవాళ్ళం. ఆ పేరు కూడా పైకి అనడానికి భయపడి, "ఫలానా అమ్మాయి తగ్గింది" అనేవాళ్ళం. వింటున్నవాళ్ళు శవపేటిక ఎవరు చేయిస్తారని అడిగేవాళ్ళు.

"రక్తపరీక్ష చేయించావా?" అన్నాను.

"చేయించాను. ఏ జబ్బూ లేదు." గోడకి ఆనుకుంది. "తినట్లేదు వదినా. అంతే. మొదట్లో కావాలనే మానేశాను. ఇప్పుడు తిందామన్నా దిగట్లేదు. ముద్ద నోటిదాకా తెస్తే భయమేస్తోంది."

"దేనికే భయం? అరటికాయకా?"

"నవ్వు. నవ్వడం నీకు బాగా వచ్చు." మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "ఈస్టరప్పుడు మన చుట్టాలు ముకాసా వాళ్ళ పరిచయంలో నేను కూర్చోబోతే కుర్చీ కిర్రుమంది. నీ చేతిలో మైకు ఉంది. 'మా మరదలికి రెండు కుర్చీలు వేయండయ్యా, ఒక్కదాని ఉసురు పోసుకోవడం దేనికి' అన్నావు. టెంటంతా నవ్వింది. మీ తమ్ముడూ నవ్వాడు. నేనూ నవ్వాను."

నాకు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అలాంటివి రోజుకి పది అంటాను.

"ఆ ఒక్క మాటకేనా?"

"ఒక్క మాటకి కాదు. ముట్లు ఆగిన దగ్గర్నుంచి ఒళ్ళు నా మాట వినడం మానేసింది. అద్దంలో ఎవరో పరాయి ఆవిడ నిలబడేది. ఆవిడెవరో నువ్వు మైకులో అందరికీ చెప్పావు." ఆమె కిందపడ్డ కికోయి తీసుకోబోయింది, వేళ్ళకి అందలేదు. "నువ్వు మాత్రం ఎందుకు తింటావు వదినా? ఆకలేసి తింటావా? మూడు వారాలు నా కంచంలోది నీ కంచంలో వేశాను. ఒక్కపూటైనా చాలన్నావా? ఎవరూ చూడనప్పుడు వంటింట్లో నిలబడి గిన్నె అడుగు గోక్కుని తింటావు. నాకు తెలుసు. తినని వాళ్ళకి తినేవాళ్ళు బాగా కనిపిస్తారు."

చెంపమీద కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. గెట్రూడాని పాతిపెట్టిన మర్నాటి నుంచి మా ఊళ్ళో జనం నా బుగ్గల వంక చూసేవారు. చెల్లెలిది దీనికీ అంటిందా, దీని మొహం లోపలికి పోయిందా అని. నేను తిన్నాను. ఆకలి వేయకముందే తిన్నాను, వేశాక తిన్నాను, బజారులో నలుగురూ చూసేలా తిన్నాను. చూసేవాళ్ళంతా చచ్చిపోయారు, నేను ఇంకా తింటూనే ఉన్నాను. షుగరొచ్చింది, మోకాళ్ళు పోయాయి. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారే, ఆ గింజను నేను. ఆమె ఎండిపోతుంటే ఎదురుగా కూర్చుని, ఆమె తిండి కూడా నేనే తిన్నాను.

"ఎవరికీ చెప్పకు" అంది ప్రోస్సీ. "పెరట్లో గెలలు వేలాడే ఇంట్లో పెళ్ళాం పస్తుంటోందంటే మీ తమ్ముడి పరువేం కావాలి? ఒబుకో అనుకోనీ."

"పిల్ల పెళ్ళి?"

కిందపడ్డ కికోయి కోసం మళ్ళీ వంగింది. కూతురి బతుకు పోయినా సరే, తన మూడు కికోయిల గుట్టు పోకూడదు. అసహ్యం వేసింది, దాచుకోవడం దేనికి? ఆమె మీద వేసిందో నా మీద వేసిందో విడదీసి చూసే ఓపిక అప్పుడు లేదు. మూడు కికోయిలూ తిరిగి చుట్టి, గొమేసి కట్టి, బయటికి తీసుకెళ్ళాను.

ముందుగదిలో ఏడుగురు మగవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. లుటాయా తరఫు పెద్దాయన తలుపు దగ్గర, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేం చాప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. నస్సూనా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చేతులు చాపు కోడలా" అన్నాడు చిన్నాన్న.

చాపింది. గాలిలో ఆకుల్లా ఆడుతున్నాయి. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని, తెలిసిందే కదా అన్నట్టు తలలూపారు. ఆ తలల్లో ఉన్నదంతా కలిపినా ఒక పొయ్యి రాజుకోదు.

"ఆ పిల్లాడు అంతకుముందు ఎప్పుడైనా నిన్ను తాకాడా?"

ప్రోస్సీ చాప వంక చూస్తోంది.

"అడుగుతున్నాను. తాకాడా లేదా?"

తలుపు దగ్గర పెద్దాయన లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఇక చాలు. మా పిల్లాడి మీద ఇంత మాట పడ్డాక మేం ఉండం. మీ పిల్లకి మంచి జరగాలి." నస్సూనా గుమ్మాన్ని పట్టుకుంది.

"చిన్నాన్నా" అన్నాను. "ఈస్టరుకి ముకాసా ఇంట్లో నేను మైకు పట్టుకుని ఒక మాటన్నాను."

"అదిప్పుడెందుకే కెవీనా?"

"ఇప్పుడే కావాలి. మా మరదలికి రెండు కుర్చీలు వేయమన్నాను. నువ్వూ నవ్వావు, లేని పళ్ళన్నీ కనపడేలా. అయ్యా, మీరు వెళ్ళకండి, ఒక్క నిమిషం. ఈ మూడు వారాలూ ఆవిడ కంచంలో పెట్టుకున్నది నేను తిన్నాను. పూటపూటా. చూస్తూ చూస్తూ తిన్నాను."

"దీనికేమన్నా పిచ్చెక్కిందా?" అని మా చిన్నాన్న పక్కవాణ్ణి అడిగాడు. నేను అంతకుమించి చెప్పలేకపోయాను. మిగతాది నాది కాదు. లుటాయా పెద్దాయన గడపలో ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డాడు.

"ఒబుకో కాదు మామయ్యగారూ" అంది ప్రోస్సీ. చాలా మామూలుగా అంది, ఉప్పు తక్కువైందన్నట్టు. "ఆకలి. ఆ అబ్బాయి నన్ను ఎప్పుడూ తాకలేదు. మెట్ల మీద కూడా ఆకలికే పడ్డాను."

"ఆకలా?" అని కియింబా లేచాడు. "నా ఇంట్లోనా?"

"నీ ఇంట్లోనే" అన్నాను. "కూర్చో."

చిన్నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఎనభయ్యేళ్ళ అనుభవాన్నంతా కూడగట్టుకుని, "ఆకలైతే తినొచ్చు కదా" అన్నాడు.

నస్సూనా లోపలికి వెళ్ళి కప్పులో మొక్కజొన్న గంజి తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. ప్రోస్సీ రెండు చేతులతో పట్టుకుంది. గంజి అంచు దాటి గొమేసి మీద చిందింది. ఒక గుక్క తాగి ఆగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క. ఏడుగురు మగవాళ్ళూ ఒక ఆడది సగం కప్పు గంజి తాగడం చూస్తూ కూర్చున్నారు. పాలు కాగి పొంగేంత సేపు పట్టింది. లుటాయా పెద్దాయన టోపీ తీసి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళలో కాస్త బుద్ధి ఉన్నవాడు ఆయనొక్కడే.

సోమవారం నేనూ కియింబా ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఒక్కసారిగా పెట్టకండి, కొంచెం కొంచెంగా పెంచండి, మాట్లాడే డాక్టరు దగ్గరికి కూడా వారం వారం రావాలన్నారు. కియింబాకి ఆ రెండోది అర్థం కాలేదు. "మాట్లాడటానికి డాక్టరెందుకు? ఇంట్లో మేం లేమా?" అన్నాడు. "ఉన్నాం కాబట్టే" అన్నాను. వీధి చివర హిల్డా ఎదురైతే, నా పొట్టంతా ఆమె దారికి అడ్డంపెట్టి నిలబడి నాలుగు మాటలు చెప్పాను. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

డిసెంబరు రెండో శనివారం పరిచయం జరిగింది. నేను మైకు పట్టుకుని గుంపంతా తిరిగి, కావాలనే ముగ్గురు ముసలాళ్ళని ఆపి "వీడా? వీడా?" అని జనాన్ని నవ్వించి, చివరికి లుటాయా దగ్గర ఆగాను. నవ్వించడం నాకు రక్తంలో ఉంది. అది అంత త్వరగా పోదు.

భోజనాలప్పుడు ప్రోస్సీ, నేనూ వెనక చాప మీద కూర్చున్నాం. అరటాకులో కట్టి ఉడికించిన కోడి పొట్లాలు చెరొకటి వచ్చాయి. విప్పగానే ఆవిరి కొట్టింది. ప్రోస్సీ కాసేపు వేళ్ళతో కెలికి, ఒక ముక్క తీసి నా ఆకు వైపు తెచ్చింది. నేను నా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"నీది నువ్వే."

"ఎక్కువ వదినా."

"నాకూ ఎక్కువే. సగం తిని వదిలేస్తాను, చూస్తుండు. నువ్వు సగం దాకా రా."

ఆమె తెచ్చిన ముక్కని తన నోట్లోనే పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. నేను సగం దగ్గర ఆకు మూసేశాను. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి తిండి మిగిల్చాను. నలుగురూ నా బుగ్గల వంక చూస్తున్నట్టు వీపంతా చెమట పట్టింది. నిజానికి ఎవరూ చూడట్లేదు. ఆమె సగం దాకా రాలేదు, ఐదు ముద్దల దగ్గర ఆగింది. పోయిన వారం మూడు.

తర్వాత ఫోటోలకి పిలిచారు. టెంటులో తల్లికీ మేనత్తకీ కుర్చీలు వేస్తున్నారు. మైకు నస్సూనా చేతిలో ఉంది. ప్రోస్సీ దాన్ని తీసుకుంది. చేతులు ఇంకా కొద్దిగా వణుకుతున్నాయి. అంతమందిలో ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"మా ఆడపడుచుకి రెండు కుర్చీలు వేయండయ్యా" అంది. "ఒక్కదాని ఉసురు పోసుకోవడం దేనికి?"

టెంటంతా నవ్వింది. కియింబా నవ్వాడు, చిన్నాన్న నవ్వాడు, లుటాయా వాళ్ళూ నవ్వారు. చెవులు భగ్గుమన్నాయి. ఎక్కడ చూడాలో తెలియక నా మోకాళ్ళ వంక చూసుకున్నాను. ఈస్టరప్పుడు తనూ అక్కడే చూసి ఉంటుంది. నేను కూడా నవ్వాను, తనలాగే.

కుర్చీలవాడు తెలివితక్కువవాడు, నిజంగానే నాకు రెండు తెచ్చి పక్కపక్కన వేశాడు. నేను ఒకదాని మీద కూర్చున్నాను. రెండోదాని మీద ప్రోస్సీ వచ్చి, గొమేసి సర్దుకుని కూర్చుంది. నా కుర్చీ కిర్రుమంది. తనది చప్పుడు చెయ్యలేదు.

"ఇంకా టైము పడుతుంది" అన్నాను, ఫోటో వైపు చూస్తూ.

"దేనికి వదినా?"

"నీ కుర్చీ కిర్రుమనడానికి."